ఎర్మూపోలి పడవలో గుంటమగ్గం

గ్రీసు దేశం ఎట్లా ఉందని నన్ను అడిగినవాళ్ళు ఇప్పటికి నలభై మంది ఉంటారు. సముద్రం ఎంత ఉంది, చలి ఎంత ఉంది, అక్కడి ఆడవాళ్ళు తెల్లగా ఉంటారా, ఇవే అడిగారు. మగ్గం ఎట్లా నడిచిందని ఒక్కడూ అడగలేదు. నేను పోయింది మగ్గం పని మీద. కాబట్టి ఎవరూ అడగని ప్రశ్నకే జవాబు రాస్తున్నాను. మధ్యలో సముద్రం వస్తుంది, చలి వస్తుంది, వాళ్ళ క్రిస్మస్ పండుగ కూడా వస్తుంది. కావలసినవాళ్ళు అవి ఏరుకోవచ్చు.

సిరిసిల్లలో, ముందు

గ్రీసులో సీరోస్ అని ఒక దీవి. ఆ దీవిలో ఎర్మూపోలి అని ఒక పట్నం. ఒకప్పుడు నూలు మిల్లులతో, బట్టల మిల్లులతో బతికిన ఊరు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా అక్కడి మునిసిపాలిటీ చేతిపనుల సంత పెడుతుంది. ఈసారి మన దేశం నుంచి ఒక నేతగాణ్ణి పంపమన్నారట. ఆ పని మీద హైదరాబాదు నుంచి మూర్తి అనే అధికారి మా వాడకు వచ్చాడు. చుట్టూ పవర్‌లూములు చెవులు పగలగొడుతుంటే ఇంకా గుంటమగ్గం మీద కూచునేది మా వాడలో ముగ్గురమే. మిగతా ఇద్దరూ సముద్రం అనగానే తల అడ్డంగా ఊపారు.

నేను ఒక్కటే షరతు పెట్టాను. మగ్గం పక్కన నా పేరు రాసిన బోర్డు ఉండాలి. దానికి కారణం ఉంది. ఏడేళ్ళ కింద ఒక ప్రదర్శనలో నేను నేసిన శాలువాను అద్దాల పెట్టెలో పెట్టారు. కింద చీటీ మీద మా సంఘం పెద్ద పేరు రాశారు. ఆయనకు నూలు కండె చుట్టడం కూడా రాదు. ఆయన మెడలో దండ వేస్తుంటే నేను మూడో వరుస వెనక నిలబడి ఉన్నాను. కుర్చీ కూడా ఇవ్వలేదు. అది మంగళవారం.

"పేరే కదయ్యా నర్సయ్యా. ఇంత పెద్ద బోర్డు రాయిస్తాను" అని మూర్తి రెండు చేతులూ చాపి చూపించాడు. ఆ కొలత నాకు గుర్తుంది. రెండు మూరలు.

తరువాత పాస్‌పోర్టు విచారణ. తుపాకులు పట్టిన అన్నలు ఒక వైపు, పోలీసులు ఒక వైపు ఉన్న ఈ రోజుల్లో మా దిక్కు మనిషి ఊరు దాటాలంటే ఎందుకు దాటుతున్నాడో ఇద్దరికీ చెప్పుకోవాలి. ఎస్సై నేను పోయే దేశం గురించి అడగలేదు. రంగు గురించి అడిగాడు.

"ఎర్ర బట్ట నేస్తవా?"

"చీరె అంచుకు నేసిన సార్. జెండాలకు నెయ్యలే."

"ఆ చీరెలు ఎవలెవలు కొన్నరు?"

"యాది లేదు సార్."

పదకొండు మంది పేర్లు, ఎవరిది ఏ అంచో కూడా యాదికి ఉన్నాయి. వాళ్ళను ఠాణాకు పిలుస్తారని అబద్ధం చెప్పాను. యాది లేదనే మాట నా నోటితో పలికించినందుకు ఆయన మీద నాకు వేరే కోపం ఉంది. ఇంటికి వచ్చి ఎర్ర కండెలన్నీ పొయ్యిలో వేశాను. ఎర్ర నూలు ఇక ముట్టనని ఆ రోజు అనుకున్నాను.

కొండగట్టు దారిలో

నాతో వచ్చినవాడు గంగారాం, నా బామ్మర్ది, కోరుట్లవాడు. దుబాయిలో ఎనిమిదేళ్ళు ఉండి వచ్చాడు కాబట్టి ఇంగ్లీషు వచ్చునంటాడు. జగిత్యాలలో నాకు చలికోటు కొనిపెట్టినవాడూ వాడే. అది ఉన్ని కాదని వేలు తగలగానే తెలిసింది. దుకాణదారు పిల్లల మీద ఒట్టు వేశాడు. నేతగాడికి నూలు గురించి ఒట్టు వేసి అబద్ధం చెప్పే మనిషి ముఖం నేను మరిచిపోను.

పోయే ముందు అంజన్నకు మొక్కుదామని కొండగట్టు బస్సెక్కాము. మగ్గం సామాను గోనెసంచిలో మాతోనే ఉంది. దారిలో బస్సు ఆపి సంచి విప్పించారు. నాడెను చేతిలో తిప్పి చూశాడు ఒక పోలీసు. నిలువు పోగుల పడుగులోంచి అడ్డంగా పేక దారాన్ని మోసుకుపోయే నాడెకు రెండు కొసలా ఇనుప మొన ఉంటుంది.

"ఇదేం ఆయుధంరా?"

"మా బావ ఆయుధమే సార్" అన్నాడు గంగారాం. "ముప్పై ఏండ్ల సంది దీంతోని ఆకలిని పొడుస్తుండు. అది సస్తలేదు."

పోలీసు నవ్వాడు. బస్సులో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. గంటన్నర ఎండలో నిలబెట్టారు. కొండ ఎక్కేసరికి గుడి తలుపు మూశారు. అంజన్న మీద నాకు కోపం లేదు. తలుపు మూసిన మనిషి మీద ఉంది.

పిరయస్ రేవు, గాలి

విమానం గురించి రాయను. ఏథెన్సు పక్కన పిరయస్ అనే రేవు నుంచి దీవులకు ఓడలు పోతాయి. మేము పోయిన రోజు గాలి ఎక్కువగా ఉందని ఓడలు కదలనీయలేదు. రేవులో వందల మంది పండుగ సామానుతో కూచున్నారు. ఒక్కడూ గుమాస్తా మీద అరవలేదు. ధర్మపురి దగ్గర గోదావరి దాటించే పడవవాడు అరగంట ఆలస్యం చేస్తే నేను తిట్టిన తిట్లు గుర్తొచ్చాయి. ఆ తిట్లు ఇప్పటికీ న్యాయమే. పడవవాడు గాలికి ఆగలేదు, పేకాటకు ఆగాడు.

రేవులో నువ్వులద్దిన గుండ్రటి రొట్టె అమ్ముతారు. చూడటానికి మన సకినమే, కొరికితే మెత్తన. ఒక టీ ఎనభై డ్రాక్మాలు. అంటే మన ఎనిమిది రూపాయలు. ఆ డబ్బుతో సిరిసిల్లలో పదహారు మందికి చాయ పోయించవచ్చు. వాళ్ళు పాలు కూడా పోయలేదు.

మరునాడు ఓడ కదిలింది. మూర్తి టికెట్టు లోపల మెత్తటి కుర్చీకి. మా ఇద్దరి టికెట్లు పైన, ఆకాశం కింద. "మీకు గాలి అలవాటే కదా" అన్నాడు. సముద్రపు గాలి నాకు ఎక్కడ అలవాటు, మానేరు ఒడ్డునా? గంటలోపల జగిత్యాల కోటు కుట్లు విడిపోయాయి. కడుపులో ఉన్నదంతా సముద్రంలో కలిసింది.

అప్పుడు ఒక ముసలాయన వచ్చి నా చేతిలో నిమ్మకాయ సగం ముక్క పెట్టి, వాసన చూడమని సైగ చేశాడు. మమ్మల్ని ఓడ పొగగొట్టం పక్కకు తీసుకుపోయాడు. అక్కడ ఇనుపగోడ వెచ్చగా ఉంది. పేరు స్తేలియోస్. ఎర్మూపోలిలో పడవలు చేసే వడ్రంగి. పడుచుతనంలో సరుకు ఓడల మీద బొంబాయికి వచ్చాడట. ఇంగ్లీషు మధ్యలో "అచ్ఛా", "చలో" అంటాడు. గంగారాం ఇంగ్లీషు కూడా అంతే కాబట్టి ఇద్దరికీ బాగా కుదిరింది. మా సంచి విప్పి మేము మధ్యలో పెట్టిన బియ్యప్పిండి సర్వపిండి ముక్కను నమిలి, "మీ రొట్టెకు పళ్ళు కావాలి" అన్నాడు.

పాలరాతి నేల

ఎర్మూపోలి రెండు కొండల మీద మెట్లు మెట్లుగా ఉంటుంది. ఊరి నడుమ పెద్ద మైదానం. మైదానమంతా పాలరాయి. రాజుల కోట కాదు, జనం కూరగాయల సంచులతో నడిచిపోయే చోటు. సంత పెట్టిన భవనంలో కూడా అదే పాలరాయి.

ఆ నేలను చూసి నేను గుమ్మంలోనే ఆగిపోయాను. గుంటమగ్గం అంటే గుంట ఉండాలి. నేతగాడు నేల మీద కూచుంటాడు, కాళ్ళు గుంటలోకి వేలాడతాయి, అక్కడ ఉన్న పలకలను తొక్కుతాడు. తొక్కితేనే పడుగు విచ్చుకుంటుంది. మూర్తి మా ఇంటికి వచ్చినప్పుడు గడప దాటలేదు. చెప్పులు విప్పడం ఇష్టం లేక బయటి నుంచే మాట్లాడాడు. లోపలికి వచ్చి ఉంటే నా కాళ్ళు ఎక్కడ ఉన్నాయో చూసేవాడు.

నేను చెప్పలేదు, అది నిజం. నేల ఉన్న చోటల్లా తవ్వొచ్చని అనుకున్నాను. తవ్వరాని నేల కూడా ఉంటుందని నా బుర్రకు తట్టలేదు. ఈ యాత్రలో నా తప్పు ఇదొక్కటే.

"కాళ్ళు మడుచుకుని ఊరికే కూర్చో. ఫొటోలకి చాలు" అన్నాడు మూర్తి.

"కాళ్ళాడకుంటే అది మగ్గం గాదు సార్, పాడె" అన్నాను.

"పాడెలూ గీడెలూ ఇక్కడ మాట్లాడకు. పండగ."

గోడ మీద బోర్డు కూడా అప్పుడే చూశాను. రెండు మూరలు ఉంది, అబద్ధమెందుకు. ఇంగ్లీషులో ఇండియా అనీ, చేనేత అనీ రాసి, కింద బృంద నాయకుడుగా మూర్తి పేరు రాశారు. నా పేరు లేదు. అడిగితే "చోటు చాలలేదయ్యా" అన్నాడు. నేను మగ్గం సామాను సంచిలో కట్టి సంచి మీద కూచున్నాను. మధ్యాహ్నం దాకా లేవలేదు.

"బావా, గుంట లేకుంటే కాళ్ళు నెత్తిమీద పెట్టుకుంటవా? లే, బువ్వ తిందాం" అన్నాడు గంగారాం.

"నువ్వు తిను."

"తిన్న. మళ్ల తింట."

పడవ

గంగారాం వెతికి స్తేలియోస్‌ను తీసుకువచ్చాడు. ముసలాయన నన్ను చూశాడు, నేలను చూశాడు, చూపుడు వేలితో బయటికి చూపించాడు.

ఈ దీవుల్లో క్రిస్మస్‌కు పడవను అలంకరించడం పాత ఆచారం. సముద్రం మీద బతికే ఊళ్ళు కదా, తిరిగి వచ్చిన పడవే వాళ్ళకు పండుగ. మైదానం నడుమ స్తేలియోస్ మరమ్మతు చేసిన పాత చేపల పడవను మొద్దుల మీద నిలబెట్టి దీపాలు చుట్టారు. ఆయన పడవ అంచు మీద కూచుని కాళ్ళు లోపలికి వేలాడేసి, తొక్కి చూపించాడు. "అచ్ఛా?" అన్నాడు.

పడవ పొట్టే గుంట. నేను సంచి తేవడానికి లోపలికి పోయాను.

రెండు రోజులు పట్టింది. అంచుల మీద అడ్డకర్రలు వేసి మగ్గం బిగించాము. నేను తొక్కితే పడవంతా కదిలేది, పైన దీపాలు ఊగేవి. జనం గుమిగూడారు. పండుగ ముందురోజు పొద్దున పిల్లల గుంపులు చిన్న చిన్న కర్ర పడవలు పట్టుకుని, ఇనుప ముక్కోణం వాయిస్తూ ఇంటింటికీ పాడుకుంటూ పోయారు. అందరూ తేనెలో ముంచిన అరిసెల వంటివి తెచ్చిపెట్టారు. మన అరిసె కన్నా బాగున్నాయని చెప్పలేను, బాగాలేవనీ చెప్పలేను. పంది మాంసం కూడా తెచ్చారు. గంగారాం నా వంతు కూడా తిన్నాడు.

రోజూ వచ్చి నిలబడిన మనిషి ఒక్కతే, కాటీనా. డెబ్బై ఏళ్ళు ఉంటాయి. నల్ల బట్టలు. ముప్పై ఏళ్ళు మిల్లులో మరమగ్గాల మీద పని చేసి చెవుడు తెచ్చుకుంది. మా ఊరి పవర్‌లూము మనుషుల లాగే అరిచి మాట్లాడుతుంది. మొదటి రోజు ఏమీ మెచ్చుకోలేదు. రెండో రోజు పడుగులో ఒక పోగు తెగింది. నేను చెయ్యి చాపేలోపల ఆమె పడవలోకి వంగి రెండు కొసలనూ వేళ్ళతో పట్టి ముడి వేసింది. మా అమ్మ వేసిన ముడి అది. అదే మెలిక, అదే చిటికె.

స్తేలియోస్ ఆమె మాటలు చెప్పాడు, గంగారాం తెలుగు చేశాడు: "మిల్లులో ఈమె పేరు ఎవరికీ తెలియదు. ఇత్తడి బిళ్ళ మీద అంకె ఉండేది. మిల్లు మూసిన రోజు బిళ్ళ తిరిగి ఇమ్మన్నారు. ఈమె ఇవ్వలేదు."

ఆమె మెడలోంచి బిళ్ళ తీసి చూపించింది. ఈ యాత్రలో నాకు నచ్చిన మనిషి ఈమె.

ఎర్ర నూలు

మరునాడు కాటీనా ఒక సంచి తెచ్చింది. మిల్లు రోజుల నుంచి దాచుకున్న నూలు. పడవకు తెరచాప లేదు, నువ్వు నేసి కట్టు అంది. సంచి విప్పితే అంతా ఎరుపు.

నేను చేతులు వెనక్కి తీసుకున్నాను.

"ఏమైంది?" అన్నాడు స్తేలియోస్.

"ఎర్ర బట్ట నెయ్యమని మునిసిపాలిటీ కాగితం రాసియ్యాలె. ముద్ర ఉండాలె" అన్నాను.

గంగారాం ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చేటప్పటికే మూర్తి పొట్ట పట్టుకుని నవ్వాడు. "క్రిస్మస్‌కి ఎరుపు కాక ఏం వాడతారయ్యా? మీ ఊరి భయాలు ఇక్కడికి కూడా మోసుకొచ్చావా?" నవ్వడానికి ఆయనకేం. ఆయన వాకిట్లోకి ఎవరూ వచ్చి చీరల అంచుల గురించి అడగరు.

కాటీనాకు సంగతి సైగలతో చెప్పాను. చేతికి బేడీలు, భుజాన తుపాకీ, రంగు. ఆమె నవ్వలేదు. వాళ్ళ దేశంలోనూ సైనికులు ఏలిన రోజుల్లో అల్లుణ్ణి ఒక దీవికి పట్టుకుపోయారట. కొంగు బిగించినట్టు తలగుడ్డ బిగించుకుని స్తేలియోస్‌తో మునిసిపాలిటీకి పోయి, గంటలో కాగితం తెచ్చింది. పైన గుండ్రటి ముద్ర, కింద మేయరు సంతకం. స్తేలియోస్ చదివి చెప్పాడు: "సిరిసిల్ల ఊరి నేతగాడు నర్సయ్య మా ఊరి కోరిక మీద ఎర్ర తెరచాప నేస్తున్నాడు."

వాళ్ళ లిపిలో నా పేరు ఎనిమిది అక్షరాలు. ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించమన్నాను. శాలువా నాటి నుంచి నేను అడుగుతున్నది ఇదే. అడిగిన చోట దొరకలేదు, భయపడి అడిగిన చోట దొరికింది. అంగీ లోపలి జేబులో పెట్టుకుని ఐదు రోజులు ఎరుపే నేశాను. చాలా కాలం తరువాత వేళ్ళకు ఆ రంగు అంటింది. గాలి వచ్చినప్పుడు తెరచాప నిండుగా ఉబ్బింది. కాటీనా కింద నిలబడి అంచు పట్టి చూసి, పోగులు లెక్కపెట్టి, తల ఊపింది.

పేరు పిలిచి కోసే రొట్టె

కొత్త సంవత్సరం నాడు వాళ్ళు ఒక తీపి రొట్టె కోస్తారు. లోపల ఒక నాణెం దాస్తారు. మొదటి ముక్క దేవుడికి, తరువాత ఇంటికి, తరువాత బీదవాళ్ళకు. ఆపైన ఒక్కొక్కరి పేరు పెద్దగా పిలిచి ఒక్కో ముక్క కోస్తారు. నాణెం ఎవరికి వస్తే ఏడాదంతా అదృష్టం వాళ్ళది. పేరు పిలవకుండా ముక్క పెట్టరు. ఈ ఒక్క ఆచారం కోసం ఆ దేశాన్ని మెచ్చుకోవచ్చు.

మునిసిపాలిటీ భవనంలో మేయరు కోశాడు. మా పేర్ల జాబితా మూర్తి రాసి ఇచ్చాడు. మిస్టర్ మూర్తి, ముక్క. మిస్టర్ గంగారాం, ముక్క. తరువాత, "ద వీవర్."

పళ్ళెం నా ముందుకు వచ్చింది. నేను పక్కకు జరిపాను.

"తినవయ్యా. అందరూ చూస్తున్నారు" అన్నాడు మూర్తి పళ్ళ సందుల్లోంచి.

"వీవర్ అంటే ఎవలు సార్? నాకు తెల్వదు. ఆయన అచ్చినంక ఇయ్యున్రి."

"బావా, రొట్టెతోని ఏం పంచాది?" అన్నాడు గంగారాం.

నేను జేబులోంచి కాగితం తీసి మేయరు ముందు పెట్టాను. తన సంతకం తానే చూసుకున్నాడు. ఎదురుగా కాటీనా బల్ల మీద బిళ్ళతో టకటకా కొట్టింది. మేయరు కత్తి మళ్ళీ తీసుకుని, కాగితం చూసి, నా పేరూ నా ఊరి పేరూ కలిపి పిలిచాడు. కొత్త ముక్క కోశాడు. ఆ ముక్క నేను చివరి పలుకు దాకా తిన్నాను. నారింజ వాసన.

పక్కకు జరిపిన ముక్కను గంగారాం తిన్నాడు. నాణెం దాంట్లో ఉంది.

"ఓడలో తిరుగు టికెట్టు కూడా నీకు పైనే" అన్నాడు మూర్తి మెట్లు దిగుతూ. "అంతర్జాతీయంగా పరువు తీశావు." ఓడ రోజు మంచు పడింది. కాటీనా వచ్చి తన ఉన్ని శాలువా నా భుజాల మీద వేసింది. అది నిజమైన ఉన్ని.

తిరిగి వచ్చాక

నెల తరువాత ఒక పత్రికలో ఫొటో వచ్చింది. పడవ, ఎర్ర తెరచాప, ముందు మూర్తి చేతులు కట్టుకుని. నేను వెనక, సగం తల. కింద మూర్తి పేరు ఉంది. "ఒక నేత కార్మికుడు" అని నేనూ ఉన్నాను.

పేరు లేకపోయినా ఎస్సై గుర్తుపట్టాడు. కబురు వచ్చింది. ఫొటో బల్ల మీద పెట్టాడు.

"జెండాలకు నెయ్యలేదంటివి గదా. ఇదేంది?"

కాగితం ఇచ్చాను. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఇదేం భాష? ఇందుల ఏం రాసుకున్నరు? ముద్ర ఎవనిది?"

"గ్రీకు సార్. నా పేరున్నది. ఎనిమిది అక్షరాలు." వేలు పెట్టి చూపించబోయాను. చెయ్యి తియ్యమన్నాడు.

రిజిస్టరులో నా పేరు, తండ్రి పేరు, వయసు, ఇంటి నంబరు, వృత్తి రాశాడు. తలకిందులుగానే చదివాను. ఒక్క తప్పు లేదు. కాగితాన్ని పిన్నుతో ఫైలుకు గుచ్చి, చదివేవాళ్ళు దొరికేదాకా ఇక్కడే ఉంటుందన్నాడు.

అప్పటి నుంచి ప్రతి సోమవారం పొద్దున పోయి అడుగుతున్నాను. చదివేవాళ్ళు దొరకలేదంటారు. మొన్న గంగారాం కోరుట్ల నుంచి ఇందుకోసమే వచ్చాడు.

"బావా, వారం వారం నువ్వు ఠాణాకు పోతుంటే అన్నలు ఏమనుకుంటరు? కబురు మోస్తున్నవనుకుంటరు. కాయితం పోతే పోనియ్యి. గీ నాణెం నువ్వే ఉంచుకో."

నాణెం తీసుకోలేదు. వాడు చెప్పింది నిజమేనని నాకు తెలుసు. రాత్రి నా భార్య కూడా అదే చెప్పి ఏడ్చింది. నిన్న సాయంత్రం చాయ హోటల్లో ఎన్నడూ చూడని ఇద్దరు కుర్రాళ్ళు నన్ను పైనుంచి కిందికి చూశారు. వాళ్ళ కోసం కూడా ఇదంతా ఇంత వివరంగా రాశాను. నేను ఠాణాకు పోయేది నా కాగితం కోసం.

రేపు సోమవారం.